1818 రాముడి నాణెం, 1840 వెండి రూపాయి, ఏనుగు సీసపు నాణెం: అసలువేనా?

మీరు మూడింటి గురించి అడిగారు. మొదటిది తాతగారి ఇనుప పెట్టెలో దొరికిన రాగి బిళ్ళ. దానికి ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, రెండోవైపు ఇంగ్లిషు అక్షరాల్లో ఈస్ట్ ఇండియా కంపెనీ, హాఫ్ అణా, 1818. రెండోది అదే పెట్టెలో ఉన్న 1840 నాటి విక్టోరియా రూపాయి. అది కాటా మీద 10.2 గ్రాములు తూగిందనీ, అయస్కాంతానికి అంటుకోలేదనీ రాశారు. మూడోది పాత సామాన్ల దుకాణంలో 500 రూపాయలకు మీరే కొన్న చిన్న సీసపు నాణెం, దాని మీద ఏనుగు బొమ్మ. రాముడి బిళ్ళకు మూడు లక్షలు ఇస్తామని ఫోనులో ఒకాయన అంటున్నాడనీ, ముందుగా రిజిస్ట్రేషన్ ఖర్చుల కింద 2,500 పంపమన్నాడనీ కూడా రాశారు.

ముందు ఆ చివరి సంగతి తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా పంపకండి. కొనేవాడు అమ్మేవాడికి డబ్బు ఇవ్వాలి గానీ, అడిగి పుచ్చుకోవడం ఏ సంతలోనూ లేదు. ఇవాళ రిజిస్ట్రేషన్ అంటాడు, రేపు జీఎస్టీ అంటాడు, ఎల్లుండి కొరియర్ బీమా అంటాడు. నమ్మించడానికి రిజర్వు బ్యాంకు ముద్రతో ఒక కాగితం కూడా వాట్సాప్‌లో పంపుతాడు. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాల్లో తమకు ఎలాంటి పాత్రా లేదనీ, తమ పేరుతో రుసుములు, కమిషన్లు, పన్నులు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఆ నంబరును బ్లాక్ చేయండి. ఇప్పటికే పంపి ఉంటే 1930కి ఫోను చేసి సైబర్ నేరాల విభాగంలో ఫిర్యాదు నమోదు చేయించండి.

ఇక నాణేలు. కొత్తగా ఈ దారిలోకి వచ్చినవారిలో ఎక్కువమంది నాణెం చేతికి రాగానే 'పాతగా కనిపిస్తోందా' అని చూస్తారు. అసలు చివర చూడవలసినది అది. పాతదనం తెచ్చిపెట్టడమంత తేలిక పని ఈ వ్యాపారంలో మరొకటి లేదు. మొదట వేసుకోవలసిన ప్రశ్న వేరు: దాని మీద రాసి ఉన్న సంవత్సరంలో, రాసి ఉన్న అధికారం, అలాంటి నాణేన్ని నిజంగా కొట్టించిందా? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంటుంది, భూతద్దంలో ఉండదు. ఇది దాటిన తర్వాతే కాటా, ఆ తర్వాత అంచు, చివరికి రంగూ కిలుమూ. మీ మూడింటినీ ఈ వరుసలోనే చూద్దాం.

రాముడి బిళ్ళ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. 1818 నాటికి కంపెనీ పాలనలో బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలకు వేర్వేరు నాణేల పద్ధతులు ఉండేవి. మన తెలుగు జిల్లాలు చాలా వరకు మద్రాసు కింద ఉండేవి కదా, అక్కడ వరహాల లెక్క వదిలి రూపాయిని ప్రామాణికం చేసినదే ఆ 1818లో. కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రకం నాణేలు 1835 చట్టంతో వచ్చాయి. ఇంగ్లిషులో 'హాఫ్ అణా' అని రాసి, లతల దండతో, రెండు సింహాలు పట్టుకున్న కంపెనీ చిహ్నంతో ఉండే అర్ధణా 1835ది. బరువు 12.95 గ్రాములు. 1818 వేసి, రాముడి బొమ్మతో కంపెనీ కొట్టించిన హాఫ్ అణా ఏదీ లేదు.

ఈ బిళ్ళలు ఒక్క రాముడితో ఆగలేదు. హనుమంతుడు, లక్ష్మి, వినాయకుడు, శివుడు, ఓంకారం, దీపం, తామర పువ్వు, అన్నీ ఉన్నాయి. సంవత్సరాలు కూడా 1616, 1717, 1818, 1839 అంటూ చూడగానే గుర్తుండిపోయేలా వేస్తారు. కొన్నింటి మీద 'యూకేఎల్ వన్ అణా 1616' అని ఉంటుంది. 1616లో కంపెనీవారు మచిలీపట్నంలో, సూరత్‌లో గిడ్డంగులు పెట్టుకుని వ్యాపారం చేసుకుంటున్న వర్తకులు. మచిలీపట్నానికి వాళ్లు వచ్చింది 1611లో, గోల్కొండ సుల్తాను అనుమతితో. సొంత పేరుతో అణాలు కొట్టి జనంలోకి వదిలే అధికారం వాళ్లకు అప్పుడు లేదు. పైగా యునైటెడ్ కింగ్‌డమ్ అనే పేరుతో రాజ్యం ఏర్పడింది 1801లో. పుట్టని రాజ్యం పేరు పెట్టి నాణెం కొట్టినవాడు చరిత్ర చదవలేదనుకోవాలి, లేదా కొనేవాడు చదవడని ధీమాగా ఉన్నాడనుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 'తెల్లవాళ్లు మన దేవుళ్ల బొమ్మలు వేస్తారా, కాబట్టి నకిలీ' అని కొందరు చెబుతుంటారు. తీర్పు సరైనదే, కారణం మాత్రం తప్పు. కంపెనీవారు దేవుళ్ల బొమ్మలు వేశారు. మద్రాసులో వాళ్లు కొట్టించిన నక్షత్రపు వరహా మీద ఒకవైపు విష్ణువు, మరోవైపు చుక్కల మధ్య నక్షత్రం ఉంటాయి. వేంకటేశ్వరస్వామిని, ఇద్దరు దేవేరులను వేసిన మూడు స్వాముల వరహా కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వచ్చిన వెండి పావు వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణువు, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. తెలుగు లిపి ఉన్న కంపెనీ నాణెం చూడాలంటే అది చూడాలి. వ్యాపారానికి పనికొస్తే కంపెనీ ఎవరి బొమ్మనైనా వేసేది. కాబట్టి దేవుడి బొమ్మ ఉండడం ఏ విధంగానూ సాక్ష్యం కాదు. ఆ బొమ్మ, ఆ లిపి, ఆ విలువ, ఆ సంవత్సరం నాలుగూ ఒకేచోట కలవాలి.

మీ ఫొటోలో ఇంకో విషయం కనిపించింది. అక్షరాలు ఒకదానికొకటి పొందిక లేకుండా లావుగా, మొరటుగా ఉన్నాయి. 'ఎంత పాతది కాబట్టి ఇంత మొరటుగా ఉందో' అని మీరు రాశారు. నిజానికి తిరగేసి ఆలోచించాలి. మద్రాసు కోసం 1808లో కంపెనీ తెప్పించిన పది కాసుల, ఇరవై కాసుల రాగి నాణేలు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టినవి. వాటిని తెస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గర గుడ్‌విన్ ఇసుక తిన్నెల మీద మునిగిపోయింది. 1980లలో ఆ సరుకును పైకి తీశారు. ఆ నాణేల్లో కొన్ని ఇప్పటికీ నిన్న అచ్చు వేసినట్టు ఉంటాయి. సింహాల జూలు, చిహ్నంలోని గీతలు లెక్కపెట్టవచ్చు. కంపెనీ నాటి యంత్రం పని మీ బిళ్ళ కన్నా ఎంతో నాజూకైనది. మొరటుతనం వయసుకు గుర్తు కాదు.

అయితే నేను మీ బిళ్ళను 'దొంగ నాణెం' అనను. దొంగ నాణెం అనాలంటే దానికొక అసలు ఉండాలి. దీనికి అసలంటూ లేదు. దక్షిణాదిలో రామటంకాలు అని పూజలో పెట్టుకునే బంగారు, వెండి బిళ్ళలు చాలాకాలంగా ఉన్నాయి. పట్టాభిషేకం ఒకవైపు, హనుమంతుడు మరోవైపు ఉంటారు. అవి చెలామణీకి కాదు, పూజకే. యాత్రాస్థలాల్లో అమ్మే ఈ రాగి బిళ్ళలు ఆ ఆచారానికి చవక వారసులు. వాటి మీద కంపెనీ పేరు ఎందుకు చేర్చారంటే, పాతదనిపిస్తే భక్తితోపాటు ధర కూడా పెరుగుతుంది కాబట్టి. మీ తాతగారు ఏ తీర్థయాత్రలోనో కొని దాచుకుని ఉంటారు. పెట్టె పాతదైనంత మాత్రాన అందులో ఉన్నవన్నీ పెట్టెతో సమాన వయస్కులు కావు. దేవుడి గదిలో పెట్టుకోండి. ఎవరికైనా 'పురాతన నాణెం' అని చెప్పి అమ్మితే మాత్రం మోసం కేసు మీ మీదకే వస్తుంది.

ఈ బిళ్ళల చుట్టూ తిరిగే ఇంకో దందా మన రెండు రాష్ట్రాల్లో బాగా నడిచింది, రైస్ పుల్లింగ్. రాగిలో ఇరిడియం కలిసి ఉందనీ, పిడుగు పడి శక్తి వచ్చిందనీ, బియ్యపు గింజలను లాగుతుందనీ, అంతరిక్ష పరిశోధనవాళ్లు కోట్లకు కొంటారనీ చెబుతారు. చిన్న పళ్లెంలో గింజలు పోసి నాణెం దగ్గరకు తెస్తే నిజంగానే గింజలు కదులుతాయి. గింజలకు ముందే సన్నని ఇనుప రజను పట్టించి ఉంటారు, నాణెం వెనకో పళ్లెం కిందో అయస్కాంతం ఉంటుంది. రాగి అయస్కాంతం కాదు, బియ్యం అంతకన్నా కాదు. ఎవరైనా ఆ ప్రదర్శన చేస్తామంటే 'మా ఇంటి బియ్యం తెచ్చుకుంటాను' అనండి చాలు. చదువుకున్నవారు, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవారు కూడా దీనికి లక్షల్లో పోగొట్టుకున్నారు. పోలీసులు ముఠాలను పట్టుకున్న వార్త ఏటా ఏదో ఒక జిల్లా నుంచి వస్తూనే ఉంటుంది.

రెండోది, మీ విక్టోరియా రూపాయి. ఇది చరిత్ర ప్రశ్న దాటుతుంది. 1840 సంవత్సరం వేసిన రూపాయిలు ఉన్నాయి, లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. ఒకవైపు రాణి ముఖం, మరోవైపు దండ మధ్యలో ఇంగ్లిషులో వన్ రూపీ, పారసీ లిపిలో యక్ రూపియా, చుట్టూ కంపెనీ పేరు, అన్నీ మీ ఫొటోలో ఉండవలసిన చోటే ఉన్నాయి. మరి కాటా?

ఆ రూపాయి ప్రమాణం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. మన తులం లెక్క కూడా అదే. వెండి వందకు 91.7 పాళ్లు, మిగతాది రాగి. చేతులు మారి బాగా అరిగిన రూపాయి కూడా 11.3, 11.4 దగ్గర ఉంటుంది. 10.2కు దిగాలంటే రాణిగారి ముఖం నున్నగా అరిగిపోయి ఉండాలి. మీ ఫొటోలో జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయి. బొమ్మ అరగకుండా బరువు ఎక్కడికి పోయింది? ఒక్క కారణం అంచుల్లో కోత అయి ఉండవచ్చు, కానీ మీ నాణెం గుండ్రంగా ఉంది, అంచు చుట్టూ గాట్లు ఉన్నాయి. ఈ ఒక్క లెక్కతోనే నేను దాన్ని పక్కన పెట్టేస్తాను. మిగతా పరీక్షలు మీకు చేయి తిరగడానికి చెబుతున్నాను.

మీ కాటా నగల కొట్టువాళ్లు వాడే రకం, గ్రాములో వందో వంతు చూపించేది అయితే ఇంట్లోనే సాంద్రత కొలవవచ్చు. గాజు గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి కాటా మీద పెట్టండి. అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకూడదు, బుడగలు అంటుకుని ఉండకూడదు. అప్పుడు కాటా చూపించే అంకె ఆ నాణెం ఘనపరిమాణం. నాణెం పొడి బరువును ఆ అంకెతో భాగించండి. అసలు రూపాయి అయితే 11.66ను దాదాపు 1.13తో భాగిస్తారు, 10.3 చుట్టుపక్కల వస్తుంది. స్వచ్ఛమైన వెండి 10.5, రాగి 8.96, ఇత్తడి 8.5 ప్రాంతం, తుత్తునాగం 7.1, తగరం 7.3, సీసం 11.3, బంగారం 19.3. మీ నాణేనికి 8.7, 8.8 వస్తే అది వెండి పూత వేసిన రాగి మిశ్రమమో, జర్మన్ సిల్వరో. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, తుత్తునాగం మాత్రమే. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, నాణేనికి హాని లేదు. గీటురాయి మీద మాత్రం గీయించకండి. అసలు నాణెమైతే ఆ గీత దాని ధరను సగం చేస్తుంది.

పట్టణాల్లో నగల కొట్లలో క్యారెట్ మీటరు ఉంటుంది. కొద్దిపాటి రుసుముకు వెండి శాతం చెబుతారు. పనికొచ్చే యంత్రమే, కానీ అది పైపొరను మాత్రమే చదువుతుంది. మందంగా వెండి పూత ఉంటే బోల్తా పడుతుంది. అందుకే దాని కాగితాన్ని, నీళ్ల పరీక్ష అంకెను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకే మాట చెబితే నమ్మవచ్చు. శాతం మరీ ఎక్కువగా, 99 అని వచ్చినా అనుమానించాలి. ఆ రూపాయిలో రాగి ఉండి తీరాలి.

అయస్కాంతానికి అంటలేదు కాబట్టి వెండి అని మీరు అనుకున్నారు. ఇత్తడీ అంటదు, సీసమూ అంటదు. అయస్కాంతం ఇనుము కలిసిన చవక నకిలీని పట్టిస్తుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. తిరుగువాటు కూడా ఉంది. 1946, 47లలో వచ్చిన ఆరో జార్జి నికెల్ నాణేలు అసలువే అయినా అయస్కాంతానికి టక్కున అంటుకుంటాయి. ఆ కారణంగా వాటిని నకిలీ అని పారేసినవాళ్లున్నారు.

బరువు గురించి ఇంకో మాట. మన ఇళ్లలో చార్మినారు బొమ్మ ఉన్న నిజాం రూపాయిలు ఎక్కువ కదా. వాటిని కంపెనీ రూపాయి పక్కన తూచి 'అర గ్రాము తక్కువ, నకిలీ' అని కంగారు పడుతుంటారు. హైదరాబాదు హాలీ సిక్కాకు ప్రమాణమే వేరు, 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లు. ఏ నాణేన్ని దాని సొంత ప్రమాణంతోనే తూచాలి.

ఇప్పుడు అంచు. నకిలీ చేసేవాడు ముఖాల మీద పెట్టిన శ్రద్ధ అంచు మీద పెట్టడు. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం తీసుకోండి. కిటికీ దగ్గర, వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చుని, నాణేన్ని రెండు వేళ్ల మధ్య అంచు పైకి పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. పోత పోసిన నాణేనికి రెండు అచ్చులు కలిసిన చోట, అంచు చుట్టూ మధ్యలో సన్నని గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో అరగదీసి ఉంటే గాట్ల మీద అడ్డంగా గీతలు కనిపిస్తాయి. లోహం పోసిన దారి దగ్గర ఒకచోట గాట్లు మాయమై చదునుగా ఉంటుంది. యంత్రం మీద కొట్టిన రూపాయికి గాట్లు ఎక్కడ చూసినా ఒకే ఎడంలో, ఒకే లోతులో, నిటారుగా ఉంటాయి.

అంచు తర్వాత అక్షరాలు. అచ్చుతో బలంగా కొట్టినప్పుడు లోహం అక్షరం వైపు పరుగెత్తుతుంది. అందుకే అసలు నాణెం అక్షరాల గోడలు నిటారుగా లేస్తాయి, అక్షరానికీ నేలకూ, అంటే చుట్టూ ఉన్న చదును భాగానికీ, మధ్య మూల పదునుగా ఉంటుంది. పోతలో ఆ మూల కరిగిన సబ్బులా గుండ్రబడుతుంది. నేల మీద సూదిమొనంత గుంటలు, కొన్నిచోట్ల చిన్న బొబ్బలు కనిపిస్తాయి. గుంట అంటే కరిగిన లోహంలో గాలి చిక్కుకున్న చోటు, బొబ్బ అంటే పోత అచ్చులో గాలి బుడగ ఉన్న చోటు. రాణి మెడ కోత దగ్గర రెండు చిన్న ఇంగ్లిషు అక్షరాలు వెతకండి, డబ్ల్యూ డబ్ల్యూ అని. అది ఆ ముఖాన్ని చెక్కిన విలియం వయన్ గుర్తు. అన్ని అచ్చుల్లోనూ అవి ఉండవు కాబట్టి లేనంత మాత్రాన నకిలీ అనలేం. ఉండీ చుక్కల్లా అలుక్కుపోయి ఉంటే, చుట్టుపక్కల జుట్టు మాత్రం స్పష్టంగా ఉంటే, అప్పుడు అనుమానించాలి.

వీటన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఒకటుంది. ఒకే రకం నాణేలు రెండు ఒకేచోట అమ్మకానికి ఉన్నప్పుడు వాటి మీది దెబ్బలను పోల్చండి. రెండు నాణేలు ఒకే అచ్చు నుంచి రావచ్చు, కానీ ఒకే చోట ఒకేలా గీసుకుపోవు. ఒకదాని మీద చెవి కింద ఉన్న గాటు రెండోదాని మీద కూడా అదే చోట, అదే పొడవున ఉందంటే రెండూ ఒకే తల్లి నాణెం నుంచి తీసిన పోతలు. దీనికి చదువు అక్కర్లేదు, ఓపిక చాలు. ఇంటర్నెట్‌లో అమ్మకందారు పెట్టిన పాత ఫొటోలన్నీ ఒకసారి తిరగేస్తే ఇలాంటి కవలలు దొరుకుతాయి.

మోగించి చూడడం పెద్దలు చేసేవారు. వెండి సన్నగా, కాసేపు మోగుతుంది. పోత ముక్క ఠప్పుమంటుంది. అయితే లోపల పగులున్న అసలు నాణెమూ ఠప్పుమంటుంది, కిందపడితే అంచు దెబ్బతింటుంది. నేను ఇప్పుడు దాన్ని వాడను.

రంగు, కిలుము గురించి చివర చెబుతానన్నాను. పందొమ్మిదో శతాబ్దపు మొదటి భాగంలో బెకర్ అనే జర్మన్ ఉండేవాడు. గ్రీకు, రోమన్ నాణేల అచ్చులు స్వయంగా చెక్కి, పాత వెండి మీద కొట్టేవాడు. కొత్తదనం పోవడానికి ఆ నాణేలను ఇనుప రజను, జిడ్డు కలిపిన పెట్టెలో వేసి, తన గుర్రపుబండి ఇరుసుకు కట్టి తిప్పేవాడట. ఊరు చుట్టివచ్చేసరికి రెండువేల ఏళ్లు గడిచినట్టయ్యేది. ఆయన చెక్కిన అచ్చులు ఇప్పటికీ బెర్లిన్‌లో భద్రంగా ఉన్నాయి. ఈరోజుల్లో అంత కష్టం కూడా లేదు, ఆమ్లంలో ముంచితే గంటలో పచ్చ కిలుము, గంధకం పొగ పెడితే నలుపు. తేడా ఏమిటంటే, ఏళ్ల మీద పట్టిన కిలుము లోహంలో భాగమైపోయి గట్టిగా, పొరలు పొరలుగా ఉంటుంది. ఎత్తుగా ఉన్న భాగాల్లో చేతుల రాపిడికి పలచబడి, గుంటల్లో చిక్కగా ఉంటుంది. పూసిన రంగు అంతటా ఒకే మందంలో ఉంటుంది, అసిటోన్‌లో ముంచిన దూది పుల్లతో ఒక మూల రుద్దితే ఊడి వస్తుంది. గోళ్ల రంగు తుడిచే ద్రావకంలో ఇతర కలుపులు ఉంటాయి కాబట్టి మందుల దుకాణంలో దొరికే స్వచ్ఛమైన అసిటోన్ వాడండి.

రంగు పరీక్ష అయ్యాక నాణేన్ని అలాగే వదిలేయండి. మన ఇళ్లలో రాగి అంటే చింతపండు, ఉప్పు గుర్తొస్తాయి. దీపావళి ముందు దేవుడి సామానుతోపాటు నాణేలను కూడా తోమిపెట్టే అలవాటుంది. అసలు నాణేన్ని తోమితే దాని మీది సాక్ష్యం, ధర రెండూ ఒకేసారి కడిగేసుకున్నట్టే. తోమి మెరిపించిన మంచి నాణేలను ఇళ్లలో చూసినంతగా నకిలీలను కూడా చూడలేదు నేను.

మూడోది, మీ ఏనుగు నాణెం. మూడింటిలో నన్ను ఆపింది ఇదే. ఏనుగు ఒకవైపు, నాలుగు వలయాలు సిలువలా కలిసిన గుర్తు మరోవైపు ఉందన్నారు. ఆ గుర్తును ఉజ్జయిని చిహ్నం అంటారు. శాతవాహనుల సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రమలోహం) నాణేల మీద అది విరివిగా కనిపిస్తుంది. కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట తవ్వకాల్లో అలాంటివి చాలా బయటపడ్డాయి. సాధారణ రకాలు అంత అరుదూ కావు, అంత ఖరీదూ కావు. 500 రూపాయలకు అసలుది దొరకడం అసాధ్యమేమీ కాదు.

చిక్కేమిటంటే ఇక్కడ ఇంతకుముందు చెప్పిన సూత్రాలు సగం పనిచేయవు. చేత్తో కొట్టిన నాణేలకు గ్రాముల్లో ఖచ్చితమైన ప్రమాణం వెతకలేం, ఒకే రకంలోనే బరువులు పైకీ కిందికీ పోతాయి. పోత గుర్తులు ఉన్నంత మాత్రాన నకిలీ కూడా అనలేం. మన దేశంలో ప్రాచీన కాలంలోనే పోత పోసిన రాగి నాణేలున్నాయి. ఒక నాణెం మీద రెండు బొమ్మలు కలగాపులగంగా కనిపించినా భయపడనక్కర్లేదు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో దొరికిన వేలాది వెండి నాణేల్లో చాలా వాటి మీద తాను ఓడించిన క్షత్రప రాజు నహపానుడి ముఖంపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. కింద ఓడినవాడు, పైన గెలిచినవాడు ఇద్దరూ ఒకే బిళ్ళ మీద కనిపిస్తారు.

అయితే ఏం చూడాలి? ముందు పొందిక. అప్పటి అచ్చు తరచూ లోహపు ముక్క కన్నా పెద్దది. అందుకే ఏనుగు తొండం బయటకు పోయి ఉంటుంది, బ్రాహ్మీ అక్షరాల్లో కొన్నే నాణెం మీద పడతాయి. నకిలీ చేసేవాడికి కొనేవాడిని మెప్పించాలని ఉంటుంది, అందుకని ఏనుగును నట్టనడుమ పెట్టి, చుట్టూ పేరు మొత్తం పట్టిస్తాడు. అసలు నాణేల్లో అలాంటివి లేకపోలేదు, కానీ చవకగా దొరకవు. తర్వాత అక్షరాలు. శాతవాహన నాణేల మీద రాజు పేరు 'ఫలానా రాజుది' అన్న అర్థంలో 'స'తో ముగుస్తుంది. బ్రాహ్మీ రానివాడు ఫొటో చూసి చెక్కినప్పుడు అక్షరాలు గీతలుగా మిగులుతాయి. మూడోది సీసం తీరు. భూమిలో శతాబ్దాలు ఉన్న సీసం మీద బూడిదరంగు, కొన్నిచోట్ల తెల్లని గట్టి పొర ఉంటుంది. కొత్త సీసం గోరుతో గీస్తే మెరుస్తుంది. తెల్లని పొడి రాలుతుంటే మాత్రం దాన్ని ముట్టుకున్న చేతులతో అన్నం తినకండి, పిల్లలకు అందనివ్వకండి. అది విషం. చెక్క బీరువాలో, అట్టపెట్టెలో పెట్టవద్దు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది.

ఇలాంటి వాటికి ఫొటో చూసి చెప్పే తీర్పు సగం తీర్పే. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో, విజయవాడ బాపు మ్యూజియంలో ఉన్న పాత నాణేలను ఒకసారి తీరిగ్గా చూసి రండి. పది అసలు నాణేలను చూసిన కన్ను, వంద నకిలీల ఫొటోలు చూసిన కన్ను కన్నా నమ్మదగినది. మ్యూజియంవారు ధర చెప్పరు, అడగవద్దు. నాణేల సంఘాలు నగరాల్లో ప్రదర్శనలు పెట్టినప్పుడు పాత సేకర్తలు వస్తారు, వాళ్లకు చూపించండి. ధ్రువీకరణ సంస్థ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేసి, ధ్రువీకరణ సంఖ్య ఇచ్చిన నాణెమని కొనేటప్పుడు ఆ సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూడండి. నాణేలకే కాదు, డబ్బాలకు కూడా నకిలీలు వచ్చాయి.

దుకాణంవాడు దాన్ని 'పొలంలో దొరికింది' అన్నాడని రాశారు. ఆ మాట అబద్ధమైతే మీ డబ్బు పోతుంది, నిజమైతే చట్టం వస్తుంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే దొరికినవాడి వాటా పోతుంది, జైలు శిక్ష కూడా ఉంది. రేపు మీ పొలంలోనే కుండ బయటపడితే ఇది గుర్తుంచుకోండి. కుండలోవి పంచుకోవడం, కడగడం చేయకుండా అలాగే అప్పగిస్తే ఏ నాణెం ఏ నాణెంతో కలిసి ఉందో తెలుస్తుంది. చరిత్రకారులకు విడి నాణెం కన్నా ఆ కలయికే ముఖ్యం. ఇక నూరేళ్లు దాటిన నాణేలను 1972 చట్టం పురావస్తువులుగా చూస్తుంది. వాటిని దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకు పంపాలనుకుంటున్నానని రాశారు కదా, 1840 రూపాయి నకిలీ కాబట్టి ఇబ్బంది లేదు గానీ, ఏనుగు నాణేన్ని సంచిలో వేయకండి.

సీసపు నాణేనికి మూడు ఫొటోలు పంపండి, రెండు ముఖాలు, ఒక అంచు. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు ఎడమవైపు నుంచి పడనివ్వండి, పక్కన స్కేలు పెట్టండి, బరువు గ్రాముల్లో రాయండి. ఏనుగు పైన వంపులో మూడు నాలుగు అక్షరాల నీడ ఉన్నట్టు అనిపించింది. అవి చదవగలిగితే ఏ రాజు కాలానిదో చెప్పే అవకాశం ఉంది.